పాదం పైభాగానికి 'వీపు' అన్న పేరెందుకు?

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్న గాజువాక అమ్మాయి ఒకరు ఇలా అడిగారు: "డార్సల్ అంటే వీపువైపు అని మొదటి క్లాసులోనే చెప్పారు. చేతి వెనకభాగాన్ని డార్సమ్ అంటే అర్థమైంది. పాదంలో మాత్రం నేను నిలబడి వంగి చూస్తే కనిపించే పైభాగాన్ని డార్సమ్ అంటున్నారు. అది వీపువైపు లేదు కదా? పైగా పాదాన్ని పైకి లేపడం డార్సిఫ్లెక్షన్ అట, ఫ్లెక్షన్ అంటే వంచడం కదా, ఆ పని చేసే కండరాల పేర్లలో మాత్రం 'చాచేది' అని అర్థమొచ్చే ఎక్స్‌టెన్సర్ అని ఉంది. అడిగితే బట్టీ పట్టెయ్యమన్నారు. పరీక్షలు దగ్గరకొచ్చాయి, టెన్షన్‌గా ఉంది."

అమ్మా, దీన్ని మాత్రం బట్టీ పట్టకండి. ముప్పై ఏళ్ళకు పైగా విశాఖపట్నంలో అనాటమీ చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వేసే పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉండేవారు. దీనికి జవాబు తెలిశాక కాళ్ళూ చేతుల అనాటమీలో సగం వాళ్ళకి దానంతటదే గుర్తుండిపోయేది. అందుకే తీరిగ్గా చెబుతాను, మీరూ తీరిక చేసుకుని చదవండి.

ముందు మాట సంగతి. లాటిన్‌లో 'డార్సమ్' అంటే వీపు, 'వెంటర్' అంటే పొట్ట. వెంట్రల్, అంటే పొట్టవైపు, అన్నది ఈ రెండోదాన్నుంచే వచ్చింది. గుండెలో ఉండే వెంట్రికల్ అంటే 'చిన్న పొట్ట'. డార్సమ్ మీకు కొత్త మాటలా అనిపిస్తుంది గానీ, బ్యాంకు పని మీద వెళ్ళినప్పుడు మీ ఇంట్లోవాళ్ళు దీన్ని వాడే ఉంటారు. చెక్కు వెనక సంతకం పెట్టడాన్ని ఎండార్స్ చెయ్యడం అంటాం కదా, అందులో ఉన్నది ఈ డార్సమే. కాగితం వీపు మీద రాయడం అన్నమాట.

రోమన్లు ఆ మాటను మనిషి వీపుకే కట్టెయ్యలేదు. జంతువు వీపూ డార్సమే, కొండ వెన్నూ డార్సమే. లాటిన్ కవి వర్జిల్ నడిసముద్రంలో నీటి అంచుదాకా లేచిన పెద్ద రాతిదిబ్బను డార్సమ్ అన్నాడు. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడి కుడిచేతివైపు చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. నీళ్ళలోకి సాగిపోయిన ఆ కొండ పైగట్టుకు కూడా డార్సమ్ అన్న మాట చక్కగా సరిపోతుంది. చంద్రుడి మీద సన్నగా, పొడుగ్గా లేచిన గట్లకు ఖగోళ శాస్త్రవేత్తలు ఇప్పటికీ డార్సమ్ అనే పేరు పెడుతున్నారు. అనాటమీలో ముక్కు దూలాన్ని 'ముక్కు డార్సమ్' అనడం కూడా ఈ గట్టు అర్థంలోనే. ముక్కు దూలం వీపువైపు ఉండదని అందరికీ తెలుసు, అయినా ఆ పేరు విని ఎవరూ తికమకపడరు.

మన దగ్గరా ఇలాంటి మాట ఉంది. పృష్ఠం అంటే వీపు. మరి భూపృష్ఠం అంటే? భూమికి వెనకవైపు అని ఏ తెలుగువాడూ అనుకోడు, నేల పైతలం అనే అర్థం చేసుకుంటాడు. సంస్కృతంలోనూ లాటిన్‌లోనూ వీపు, పైతలం, కొండగట్టు ఒకే మాటలో ఇమిడి ఉండటం చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. ఈ మాటలు వాడిన పూర్వీకుల కళ్ళ ముందు ఉన్న వీపు ఎద్దుదీ గుర్రానిదీ అయి ఉంటుందని నా ఉద్దేశం. నాలుగు కాళ్ళ జంతువుకి వీపు వెనక ఉండదు, పైన ఉంటుంది. నిలబడి నడిచే మనకే అది వెనక్కి తిరిగింది.

ఇక్కడ ఆగిపోతే మాత్రం సగం సమాధానమే. "ఓహో, డార్సల్ అంటే పైవైపు, పాదం పైభాగం పైకి ఉంది కాబట్టి డార్సమ్" అని సరిపెట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది తప్పుదారి. ఎందుకు తప్పో తెలియాలంటే ఒకరోజు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి.

అక్కడ కోనాం చేపల్ని గట్టు మీద పరుస్తారు. అవి పక్కకి ఒరిగి ఉంటాయి. వీపు మీది రెక్క అప్పుడు పైకి ఉండదు, పక్కకి చూస్తుంటుంది. అయినా అది డార్సల్ రెక్కే. ఆ పక్కనే టేకు చేప ఉంటుంది, అప్పడంలా పలచగా. దాన్ని వీపునుంచి పొట్టకి నొక్కి పలచన చేసినట్టుంటుంది. కళ్ళు వీపు మీద, నోరూ మొప్పల చీలికలూ పొట్టవైపు. విషం ముల్లు తోకకి పైవైపు, అంటే డార్సల్ వైపు. ఈ చేపని నేల మీద పెడితే పైకి కనిపించేది నిజంగా దాని వీపే. ఇంకో రకం చేప కూడా వలలో పడుతుంది. అదీ పలచనే, నాలుక ఆకారంలో ఉంటుంది, రెండు కళ్ళూ ఒకేవైపు. చూడగానే టేకు చేపకి తమ్ముడనుకుంటాం. కానీ ఇది సముద్రం అడుగున పక్కకి పడుకుని బతికే చేప. పిల్లగా ఉన్నప్పుడు దీని కళ్ళు అన్ని చేపల్లాగే చెరోవైపు ఉంటాయి. పెరిగేకొద్దీ ఒక కన్ను తలమీదుగా జరిగి రెండో కంటి పక్కకి చేరుతుంది. అందుకని పైకి కనిపించే వైపు దీని వీపు కాదు, ఒక పక్క మాత్రమే. దీని వీపు అంచున ఉంది, వీపు రెక్క ఆ అంచు పొడుగునా ఉంటుంది.

రెండూ పలచని చేపలే, రెండూ నేలకి ఆనుకునే బతుకుతాయి. ఒకదాని పైతలం డార్సల్, రెండోదాని పైతలం కాదు. కాబట్టి డార్సల్ అంటే పైవైపు కాదు. ఇంట్లో గోడమీద బల్లిని చూసినా ఇదే తెలుస్తుంది. గోడ మీద ఉన్నప్పుడు దాని వీపు మనవైపు ఉంటుంది, కప్పు మీదికి పాకితే నేలవైపు తిరుగుతుంది. వీపు వీపే. భూమి ఎటు లాగుతోందన్నదానితో ఈ మాటకి సంబంధం లేదు.

ఈ చిక్కు పాతకాలపు అనాటమిస్టులకీ ఉంది. మనిషికి 'పైన' అంటే తలవైపు, గుర్రానికి 'పైన' అంటే వీపువైపు. రెండింటినీ పోల్చి చదివేవాడికి ఇది నరకం. 1803లో ఎడిన్‌బరోలో జాన్ బార్‌క్లే అనే అనాటమీ గురువు, ఏ జంతువు ఎలా నిలబడ్డా మారని దిక్కుల పేర్లు కావాలని పట్టుబట్టి ఒక పద్ధతి రాశాడు. తర్వాత 1895లో బాసెల్ నగరంలో శరీర భాగాల పేర్లన్నీ ఒక జాబితాకి తెచ్చారు. అప్పటికి సుమారు 50,000 పేర్లు చలామణీలో ఉంటే వాటిని దాదాపు పదోవంతుకి తగ్గించారు. మనిషి విషయంలో ముందు, వెనక అన్న అర్థంలో యాంటీరియర్, పోస్టీరియర్ స్థిరపడ్డాయి. పశువైద్యులు డార్సల్, వెంట్రల్ పట్టుకున్నారు. మనిషి పాదానికీ చేతికీ మాత్రం పాత డార్సమ్ వదల్లేదు. అది బద్ధకంతో వదలని పేరు కాదు, అక్కడ అదే సరైన పేరు.

ఎందుకంటే, డార్సల్ అన్నది మన ఇంటిపేరు లాంటిది. మనలో చాలామంది ఇంటిపేర్లు ఏదో ఒక ఊరిపేరు మీద వచ్చినవే. తాతముత్తాతలు ఆ ఊరు వదిలి వందేళ్ళయి ఉంటుంది, మనం గాజువాకలోనో మధురవాడలోనో ఉంటాం, అయినా ఇంటిపేరు పాత ఊరిదే. ఇంటిపేరు చూసి ఎక్కడ ఉంటున్నారో చెప్పలేం, ఎక్కణ్ణించి వచ్చారో చెప్పగలం. పాదం డార్సమ్ కూడా అంతే. అది ఇప్పుడు ఎటు చూస్తోందన్నది కాదు లెక్క, పిండంలో ఏ వైపు నుంచి వచ్చిందన్నదే లెక్క.

పిండం నాలుగో వారం చివరికి ఒంటికి రెండు పక్కలా చిన్న మొగ్గలు లేస్తాయి. చేతి మొగ్గలు ముందు, ఒకట్రెండు రోజుల తర్వాత కాలి మొగ్గలు. అవి తెడ్డుల్లా ఉంటాయి. ఒక్కో తెడ్డుకి ఒక ముఖం వీపువైపు, ఒక ముఖం పొట్టవైపు. బొటనవేలు వచ్చే అంచు తలవైపు ఉంటుంది, చేతికైనా కాలికైనా. అప్పటికి చేతికీ కాలికీ తేడా లేదు, రెండూ ఒకే నమూనా.

ఇప్పుడు మీరు లేచి నిలబడండి. చేతులు ఒంటికి ఆనించి, అరచేతులు తొడలకి తగిలేలా పెట్టండి. బొటనవేళ్ళు ముందుకి ఉన్నాయి, చేతి వెనకభాగం బయటికి చూస్తోంది. తెడ్లు పెరిగి ఒంటిమీదికి వంగిన దశ సుమారుగా ఇది. కాళ్ళు కూడా ఇలాగే ఉన్నాయనుకోండి: మోకాటి చిప్పలు బయటికి, అరికాళ్ళు ఒకదానికొకటి ఎదురెదురుగా, కాలి బొటనవేళ్ళు ముందుకి. ఏడో వారంలో ఇవి తిరుగుతాయి. చెయ్యి బయటివైపుకి సుమారు 90 డిగ్రీలు తిరుగుతుంది. మీ చేతిని అలా తిప్పి చూడండి: అరచెయ్యి ముందుకొచ్చింది, చేతి వెనకభాగం వెనక్కి పోయింది, బొటనవేలు బయటికొచ్చింది. అనాటమీ పుస్తకాల్లో బొమ్మ నిలబడే తీరు ఇదే. కాలు దీనికి ఎదురు, లోపలివైపుకి 90 డిగ్రీలు తిరుగుతుంది. మోకాటి చిప్ప ముందుకొచ్చింది, బొటనవేలు లోపలికొచ్చింది, మొదట వీపుకి చెందిన ముఖమంతా కాలికి ముందువైపు అయింది. ఆ ముఖం చివర ఉన్నదే పాదం పైభాగం.

అంటే తొడ ముందుభాగం, మోకాలు, పాదం పైభాగం అన్నీ డార్సల్ ఇంటిపేరువాళ్ళే. కాపురం మాత్రం ముందు వీధిలో. చేతి బొటనవేలు బయటివైపు, కాలి బొటనవేలు లోపలివైపు ఎందుకున్నాయన్నదానికీ ఇదే జవాబు. మోచెయ్యి వెనక్కి, మోకాలు ముందుకి చూడటానికీ ఇదే కారణం.

దీనికి రుజువు మీ డిసెక్షన్ టేబుల్ మీదే ఉంది. కాళ్ళూ చేతులకి వెళ్ళే నరాలన్నీ, వెన్నుపాము నరాల ముందు కొమ్మలైన వెంట్రల్ రామస్‌ల నుంచే వస్తాయి, ఇందులో పొరపాటు పడకండి. ఒకదానితో ఒకటి వలలా అల్లుకునే చోట అవి మళ్ళీ రెండుగా చీలుతాయి, ముందు చీలిక, వెనక చీలిక. వెనక చీలికలు డార్సల్ ముఖంలో ఉన్న కండరాలకి, ముందు చీలికలు వెంట్రల్ ముఖంలోని కండరాలకి వెళ్తాయి. చేతిలో రేడియల్ నరం వెనక చీలికలది, చేతి వెనకవైపు ఉన్న కండరాలన్నీ దానివే. ఇక్కడ ఆశ్చర్యమేమీ లేదు. మరి తొడలో? తొడ ముందున్న క్వాడ్రిసెప్స్‌కి వెళ్ళేది ఫిమోరల్ నరం. అది రెండు, మూడు, నాలుగు లంబార్ (నడుము) నరాల వెనక చీలికల నుంచి వస్తుంది. వెనక చీలిక ముందు కండరానికి ఎందుకు వెళ్తోంది? ఆ కండరం ఒకప్పుడు వెనకది కాబట్టి. అవే మూడు నరాల ముందు చీలికలు కలిసి ఆబ్‌ట్యురేటర్ అయి తొడ లోపలివైపుకి పోతాయి. మోకాలి కింద కూడా ఇంతే. పాదాన్ని పైకి లేపే కండరాల నరం వెనక చీలికల కుటుంబం, అరికాలికి పోయే టిబియల్ నరం ముందు చీలికల కుటుంబం. కండరం ఎటు తిరిగినా తన నరాన్ని వెంటబెట్టుకునే వెళ్ళింది. ఏళ్ళ తరబడి చెప్పిన పాఠమే అయినా, ఈ చోటుకొచ్చేసరికి నాకు ప్రతిసారీ ఒళ్ళు పులకరించేది.

ఇంకో రుజువు జన్యువుల నుంచి వచ్చింది. నేను చదువుకునే రోజుల్లో ఇది తెలియదు. కాలి మొగ్గలో వీపువైపు చర్మం డబ్ల్యుఎన్‌టి7ఎ అనే సంకేతాన్ని పంపుతుంది. అది అందుకున్న కణాల్లో ఎల్ఎమ్ఎక్స్1బి అనే జన్యువు పని మొదలుపెడుతుంది. "మీరు డార్సల్" అని కణాలకి చెప్పేది అదే. ఎలుకల్లో ఆ మొదటి సంకేతాన్ని తీసేస్తే పంజాకి రెండువైపులా అరికాలి మెత్తలే వస్తాయి, 1995లో ఇది తేలింది. మనుషుల్లో ఎల్ఎమ్ఎక్స్1బి దెబ్బతింటే వచ్చే జబ్బుని నెయిల్-పటెల్లా సిండ్రోమ్ అంటారు. కారణం ఈ జన్యువేనని 1998లో తేల్చారు. అందులో గోళ్ళు సరిగా రావు, మోకాటి చిప్ప చిన్నగా ఉంటుంది లేదా అసలే ఉండదు. గోరుకీ మోకాటి చిప్పకీ ఏం చుట్టరికం అని మొదటిసారి చదివినవాళ్ళు తెల్లబోతారు. మీకిప్పుడు ఆ అవసరం లేదు. గోరు వేలికి డార్సల్ వైపు ఉంది. చిప్ప మోకాలికి ముందున్నా, అదీ డార్సల్ వైపుదే.

ఇక మీ రెండో ప్రశ్న, డార్సిఫ్లెక్షన్. ఇక్కడ రెండు లెక్కలు ఢీకొన్నాయి. కీలు దగ్గర కోణం తగ్గితే ఫ్లెక్షన్ అనడం ఒక లెక్క. పాదాన్ని పైకి లేపితే పాదానికీ కాలికీ మధ్య కోణం తగ్గుతుంది, కాబట్టి ఫ్లెక్షన్. డార్సల్ ముఖంలోని కండరాలు లాగితే ఎక్స్‌టెన్షన్ అనడం పుట్టుక లెక్క. చేతి మణికట్టుని వెనక్కి విరవడం ఎక్స్‌టెన్షన్ అయితే, పాదాన్ని పైకి లేపడమూ ఎక్స్‌టెన్షనే కావాలి. కండరాలకి పేర్లు ఈ రెండో లెక్కలో వచ్చాయి: ఎక్స్‌టెన్సర్ డిజిటోరమ్, ఎక్స్‌టెన్సర్ హాల్యూసిస్. కదలికకి పేరు మొదటి లెక్కలో వచ్చింది. గొడవ లేకుండా ఎటు వంగిందో కూడా కలిపి డార్సిఫ్లెక్షన్, ప్లాంటార్‌ఫ్లెక్షన్ అంటున్నారు. వైవాలో అడిగితే ఈ రెండు లెక్కలూ చెప్పండి. ఎగ్జామినర్‌కి మీరు విషయం అర్థం చేసుకున్నారని తెలుస్తుంది. అరిచేతికీ అరికాలికీ వెంట్రల్ అనకుండా పాల్మార్, ప్లాంటార్ అన్న విడి మాటలున్నాయి, లాటిన్‌లో అరచెయ్యి పాల్మా, అరికాలు ప్లాంటా.

మెదడు దగ్గర డార్సల్ మళ్ళీ తికమక పెడుతుంది. మెదడుకాండంలో డార్సల్ అంటే వెనక, పెద్దమెదడులో డార్సల్ అంటే పైన. పిండంలో మెదడు గొట్టం మధ్యలో ముందుకి వంగడమే కారణం. న్యూరో అనాటమీ మొదలుపెట్టినప్పుడు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, అంతకన్నా ఇప్పుడు అక్కర్లేదు.

చివరిగా ఒకటి చెప్పాలి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు జాలరిపేట నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. వల లాగుతూ టేకు ముల్లు పొడిపించుకున్నాడు. ముందు చూసిన ఆసుపత్రి వాళ్ళిచ్చిన చీటీలో 'పాదం వెనకవైపు గాయం' అన్న అర్థంలో రాసి ఉంది. రాసినవాళ్ళు డార్సమ్ అనుకుని పోస్టీరియర్ అని రాశారని తర్వాత తెలిసింది. కట్టు పాదమంతా కట్టేసి ఉంది. చీటీ చదివి నేను మడమకి ఎక్స్‌రే రాశాను. అందులో ఏమీ కనపడలేదు. రోజు గడిచినా నొప్పి తగ్గలేదు, వాపు పెరిగింది. మర్నాడు కట్టు విప్పుతుంటే ఆయనే అన్నాడు: "మడమ కాదు బాబూ, మీగాలు. నిన్నటేల నుంచీ సెబుతున్నాను." విరిగిన ముల్లు ముక్క పాదం పైభాగంలో ఉంది. తీశాక కుదురుకున్నాడు. కట్టు ముందే విప్పి చూడాల్సింది నేను, ఆ తప్పు నాదే.

మీగాలు. మీద అన్న మాటలోని 'మీ', దానికి కాలు చేరి మీగాలు. అరికాలికి ఎదురు మాట. వెనకా ముందూ అన్న గొడవ లేకుండా ఆ చోటుని ఒక్క మాటలో చెప్పేస్తుంది. నేను పుస్తకంలో డార్సమ్ అని చదివిన చోటుకి, చదువురాని ఆ పెద్దాయన దగ్గర నాకన్నా కచ్చితమైన పేరుంది. అప్పటినుంచి రోగుల దగ్గర నేను "పాదం పైన" అనడం మానేసి "మీగాలు" అంటున్నాను. కేసు షీటులో డార్సమ్ అని రాస్తాను. పోస్టీరియర్ అని పాదానికి ఎప్పుడూ రాయను.

ఇవాళ ఇంటికెళ్ళాక మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళకి షుగర్ ఉంటే మరీ మంచిది, మీగాలు మీద వేళ్ళు పెట్టి చూడండి. బొటనవేలు పైకెత్తమంటే ఒక స్నాయువు తాడులా లేస్తుంది, అది ఎక్స్‌టెన్సర్ హాల్యూసిస్ లాంగస్‌ది. దానికి కాస్త బయటివైపు, పాదం మధ్యలో, గట్టిగా నొక్కకుండా రెండు వేళ్ళు ఆనించండి. నాడి కొట్టుకుంటుంది. అది డార్సాలిస్ పీడిస్ ధమని. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కొందరికి అది చేతికి అందదు, కంగారుపడకుండా లోపలి చీలమండ వెనక రెండో నాడి వెతకండి. రెండూ దొరక్కపోతే వాళ్ళని డాక్టరుకి చూపించండి.